రాజీ లేని రాజీనామా
(షోలాపూర్ మిల్లు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఒక్క మాట గురించే చెబుతాను. ఆ మాట రాజీనామా. తెలుగులో మనమూ, మరాఠీలో మన ఇరుగుపొరుగువారూ ఉద్యోగం వదులుకునే కాగితాన్ని ఈ పేరుతోనే పిలుస్తాం. నామా అంటే పారశీకంలో పత్రం. వకాల్తానామా, పంచనామా మీకు తెలిసినవే. రాజీ అరబ్బీ నుంచి వచ్చిన మాట; సమ్మతించడం అని దాని భావం. రెండూ కలిస్తే సమ్మతిపత్రం. హిందీవాళ్లు ఉద్యోగం వదలడాన్ని ఇస్తీఫా అంటారు. వాళ్ల కోర్టుల్లో రాజీనామా అంటే ఇరుపక్షాలూ ఒప్పుకొని రాసుకున్న కాగితం.

అంటే, ఇష్టం లేనిదే రాజీనామా లేదు.

మరి మన దగ్గర జరిగేదేమిటి? షిఫ్టు తగ్గించదలచిన యజమాని పనివాణ్ణి ఆఫీసులోకి పిలుస్తాడు. "సంతకం పెట్టు, హిసాబు తీసుకో" అంటాడు. కాగితం మరాఠీలో ఉంటుంది. మనవాడు చదివింది తెలుగు బడిలో. స్వఖుషీతో పని వదులుతున్నట్టు అందులో రాసి ఉందని ఇంటికి వెళ్లాక పిల్లలు చదివితే తెలుస్తుంది.

పని లేదని యజమాని తీసేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంటు. ఏడాది సర్వీసు నిండినవాడికి ఒక నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. పైగా సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చెల్లించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నియమం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. 20 ఏళ్లు చేసినవాడికి ఇది 300 రోజుల వేతనం. తనంతట తాను వదిలినవాడికి ఈ పరిహారం లేదు. ఆ సంతకం ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైందా?

ఇంకొక మాట. నిజంగానే రాజీనామా చేసినా కొన్ని పోవు. అయిదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ మీది. ప్రావిడెంట్ ఫండు మీది. "రాజీనామా ఇచ్చావు, ఏమీ రాదు" అంటే నమ్మకండి.

చదవని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం గాని వేలిముద్ర గాని వేయకండి. చదివించుకుంటానని చెప్పి యూనియన్ ఆఫీసుకు రండి. బెదిరించి ఇప్పటికే తీసుకున్నారా? ఆలస్యం చేయవద్దు. అది నా ఇష్టంతో ఇచ్చింది కాదని వెంటనే రాసి, మేనేజ్‌మెంటుకూ లేబర్ ఆఫీసుకూ స్పీడ్ పోస్టులో పంపండి. నకలు, రసీదు దాచుకోండి. పైవాళ్లకు భయపడి మౌనంగా ఊరుకుంటే, ఆ మౌనాన్నే రేపు మీ సమ్మతి అంటారు.

మనం రాజీ పడనప్పుడు, మన పేరున నామా రాసే హక్కు ఎవరికీ లేదు.