ఏర్ అంటే ఏరు కాదు



ఒకటో తరగతి గోండు పిల్లవాడు "ఏర్" అన్నాడంటే నీళ్లు అడుగుతున్నట్టు. గోండి రాని పంతులు, ఏటికి పోతానంటున్నాడనుకొని కూర్చోబెడతాడు. రెండుసార్లు ఇట్లా జరిగితే వాడిక నోరు విప్పడు. మొద్దు అని పేరు పెట్టేస్తారు. దాహం సంగతి ఎవరికీ పట్టదు!

1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేశారు, గోండిలో వాచకాలు తెచ్చారు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ హక్కు కోసం కొట్లాడాల్సిందే. కానీ డీఎస్సీకి చదివే మీలో ఎంతమందికి ఇంట్లో గోండి నడుస్తోంది? ఈ సెలవుల్లో మీ ఊరి చిన్నపిల్లలతో రోజూ గంటసేపు గోండిలోనే మాట్లాడండి. మాట తట్టకపోతే ముసలివాళ్లను అడగండి.