పెట్రోలు పోయించిన పిదప కారులో వాసన

పెట్రోలు బంకు విడిచి చాల దూరము వచ్చిన పిదపను కారులో పెట్రోలు వాసన కొట్టుచుండుట అనేకులకు అనుభవమే. అద్దములు దించుకొని, కొంతసేపటికి వాసన పోయినదని ఊరకుందురు. నిజమునకు వాసన పోకపోయినను మన ముక్కు దానికి అలవాటుపడి యుండవచ్చును. ఈ వాసన పుట్టు చోటు నెట్లు కనుగొనవలెనో, దాని నెట్లు తొలగించుకొనవలెనో నేడు మనవి చేయుదుము.

మొదట పెట్రోలు స్వభావమును తెలిసికొందము. సున్న డిగ్రీలకు 40 డిగ్రీలు దిగువ చలిలో సైతము అది మండదగిన ఆవిరిని విడుచుచుండును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పైకి ఎగసిపోక నేలబారున ప్రాకి, మూసిన షెడ్లలో నిలిచిపోవును. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు చేరినచో చాలును, చిన్న నిప్పురవ్వకే భగ్గుమనును. పెట్రోలులో కొలదిగా నుండు బెంజీను కాన్సరు కలిగించు పదార్థము. కనుక పసిపిల్లలు కూర్చుండు బండిలో ఈ వాసనను ఉపేక్షింపరాదు.

నింపిన వెంటనే వచ్చు వాసనకు తరచు కారణము, పట్టినదానికంటె ఎక్కువ పోయించుటయే. బంకులోని గొట్టము కొనయందు ఒక సన్నని రంధ్రమున్నది. టాంకు నిండి పెట్రోలు ఆ రంధ్రమును మూసినంతనే మీట దానంతట అది టక్కుమని విడివడును. అచట ఆగవలెను. కాని చిల్లర బాధ లేకుండ లెక్క సరిచేయుటకై మరికొంత పోయుట మన దేశమున పరిపాటి. టాంకు పైభాగమున ఖాళీ విడుచుట ఊరక కాదు. భూగర్భములో చల్లగా నున్న 40 లీటర్ల పెట్రోలు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కినచో, దాదాపు ముప్పావు లీటరు పెరుగును. పెరిగినది ఎటు పోవలెను?

అది పోవు త్రోవ బొగ్గుడబ్బీ. టాంకులోని ఆవిరిని పీల్చి నిలువచేయుటకు నేటి కార్లలో ప్రత్యేకముగా తయారుచేసిన బొగ్గుతో నింపిన డబ్బీ యుండును. ఇట్టి ఆవిరి నియంత్రణము 1970 నాటి కార్లతో కాలిఫోర్నియాలో నిర్బంధమైనది. ఇంజను నడచునప్పుడు ఒక వాల్వు తెరచుకొని, ఆ ఆవిరిని ఇంజనులోనికి పంపి కాల్చును. బొగ్గు ఆవిరిని పట్టగలదు గాని ద్రవమును భరింపలేదు. పెట్రోలుతో తడిసి ముద్దయైన డబ్బీని మార్చవలసివచ్చును.

ఇక పరీక్ష. వాసన ఎచట, ఎప్పుడు వచ్చుచున్నదో గమనించినచో సగము పని తీరినట్లే. పోయు మూత దగ్గర వచ్చినచో మూతలోని రబ్బరు వలయము పగిలినదో, దుమ్ము పట్టినదో చూడవలెను. మూతను గట్టిగా బిగింపవలెను. నిండుగా నున్నప్పుడు మాత్రమే వచ్చి, సగమునకు దిగిన పిదప మానినచో దోషము టాంకు పైభాగమున నుండును: పోయు గొట్టము, గాలిగొట్టము, లేదా పంపు మీది సీలు. వెనుక సీటు దగ్గర వాసన హెచ్చుగా నున్నచో ఆ సీలునే మొదట అనుమానింపవలెను. పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను మొరాయించి స్టార్టగుచున్నచో, బొగ్గుడబ్బీ వాల్వు మూతపడుట లేదేమో చూపింపవలెను. బానెట్టు వద్ద ఎల్లవేళల వాసన యున్నచో అది పోయించుటవలన కలిగినది కాదు. అచటి గొట్టములలో లీకు ఉండవచ్చును. డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపము వెలుగలేదని ధైర్యపడరాదు. అన్ని లీకులను అది చెప్పదు.

మన దేశమున 2025 నాటికి నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు విరివిగా వచ్చినది. దానికై తయారుకాని పాత కార్లలోని రబ్బరు గొట్టములు, సీళ్ళు త్వరగా చెడవచ్చును. అవి మెత్తబడినను, పెళుసెక్కినను మార్పించుట మేలు. మూతను ఎవరైనను మార్చుకొనవచ్చును. పంపు సీలు, గొట్టములు మాత్రము తెలిసిన మెకానిక్కు చేయవలసిన పని. లీకు కనబడనిచో వర్క్‌షాపులో గొట్టములలోనికి పొగ పంపి చూచెదరు.

బండి క్రింద తడి కనబడినచో, లేదా పెట్రోలు చుక్కలుగా కారుచున్నచో ఇంజను స్టార్టు చేయరాదు. షెడ్డులో స్విచ్చులు ముట్టరాదు. అగ్గిపుల్ల గీచి వెదకరాదు. తలుపులు తెరచి, వీలైనచో బండిని చేతులతో ఆరుబయటికి త్రోసి, మెకానిక్కును అచటికే పిలిపింపవలెను. ఇక వచ్చేసారి బంకులో మీట టక్కుమన్నప్పుడు ‘‘చాలు’’ అనుడు. చిల్లర కొరకు పోయించు ఆ కొద్ది పెట్రోలుకంటె బొగ్గుడబ్బీ వెల చాల హెచ్చు. ఇంటివారి క్షేమము అంతకంటె హెచ్చు.