బీడీ మానేశాక పొట్ట వస్తోంది, మళ్లీ మొదలుపెట్టమంటారా?

భద్రాచలం నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్‌లో తునికాకు కోతకి వెళ్లేవాళ్లు ఎండదెబ్బ తగలకుండా ఏం చేయాలో చెప్పుకున్నాం. అది చూసి చర్ల వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎండదెబ్బ సంగతి అడుగుతాడేమో అనుకున్నా. ఆయన గోడు వేరే.

42 ఏళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా రోజుకో కట్ట బీడీలు. మొన్న సంక్రాంతికి మానేశాడు. ఇప్పటికి నాలుగు నెలలు. "అన్నా, 58 కిలోలుండేవాణ్ణి, 63న్నర అయ్యాను. మొలతాడు బిగుసుకుపోతోంది. మా బావమరిది నవ్వుతున్నాడు. రోజుకి రెండో మూడో కాలిస్తే తగ్గుద్దంట కదా, మొదలుపెట్టమంటావా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నేను ఉద్యోగంలో ఉండగా చాలాసార్లు విన్నాను. ఏజెన్సీ మండలాల్లో ఆరోగ్య కార్యకర్తగా తిరిగిన మనిషిని కదా. పొగ మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో కొందరు నాతో చెప్పిన కారణం ఈ పొట్టే. అందుకే ఈ రోజు మొత్తం దీని మీదే మాట్లాడతాను.

ముందు, బరువు ఎందుకు పెరుగుతుంది? పొగాకులో ఉండే నికోటిన్ రెండు పనులు చేస్తుంది. మెదడులో ఆకలిని అణిచిపెడుతుంది. ఒంట్లో ఖర్చుని కొంచెం పెంచుతుంది, అంటే మనం ఊరికే కూర్చున్నా శరీరం ఎక్కువ కాలుస్తుంది. రోజుకో ప్యాకెట్ సిగరెట్లు కాల్చేవాళ్ల మీద లెక్క కడితే ఆ అదనపు ఖర్చు సుమారు 200 క్యాలరీలు తేలింది. బీడీలో ఉన్నదీ అదే నికోటిన్. మానేసిన రోజు నుంచి ఆ 200 మిగిలిపోతాయి, ఆకలేమో తిరిగొస్తుంది. పైగా నాలుకకి రుచి, ముక్కుకి వాసన తెలుస్తాయి. ఇరవై ఏళ్లుగా చప్పగా తిన్న పప్పుచారు ఒక్కసారిగా కమ్మగా ఉంటుంది. ఇంకో ముద్ద ఎక్కువే తింటాడు మరి.

ఎంత పెరుగుతారు? 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. మందుల సాయం లేకుండా మానేసినవాళ్ల లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూశారు. మొదటి నెలకి సగటున ఒక కిలో, మూడు నెలలకి దాదాపు మూడు కిలోలు, ఏడాదికి నాలుగున్నర దాటింది. గమనించండి, సగానికి పైగా మొదటి మూడు నెలల్లోనే వచ్చేసింది. తర్వాత మెల్లగా నెమ్మదిస్తుంది. అందరూ ఒకేలా పెరగరు కూడా. వందలో 16 మంది తగ్గారు, 13 మంది 10 కిలోల పైన పెరిగారు. నేను 2011లో సిగరెట్ మానినప్పుడు 61 నుంచి 66కి వెళ్లాను, ఇప్పుడు 64 మీద ఉన్నాను.

ఇక ఈ తమ్ముడి సంగతి. ఎత్తు అడిగితే అయిదడుగుల అయిదంగుళాలన్నాడు. మన భారతీయులకి బీఎంఐ 23 దాటితే ఎక్కువ బరువు అంటారు. ఆ లెక్కన ఈయన ఉండాల్సిన హద్దు సుమారు 62న్నర. అంటే హద్దు దాటింది ఒక్క కిలో! ఆ ఒక్క కిలో కోసం మళ్లీ బీడీ ముట్టిస్తానంటున్నాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్ డాక్టర్లు వీడియోల్లో "బరువు తగ్గండి, బరువు తగ్గండి" అంటుంటారు. వాళ్ల దగ్గరికొచ్చేవాళ్లకి అది సరిపోవచ్చు. మన గూడేల్లో బీడీ, చుట్ట కాల్చే పెద్దవాళ్లలో చాలామంది అసలే బక్కపలచటి మనుషులు. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్నవాళ్లని నేను ఎంతోమందిని చూశాను. పొగ తాగేవాళ్లకి క్షయ వచ్చే ప్రమాదం ఎక్కువ. క్షయ మందులు వాడేవాళ్లని మేం నెలనెలా తూకం వేసేవాళ్లం. ముల్లు అర కిలో పక్కకి జరిగితే పేషెంట్ కన్నా ముందు మేమే సంతోషపడేవాళ్లం. అలాంటి ఒళ్లున్న మనిషి బీడీ మానేశాక నాలుగు కిలోలు పెరిగితే దాన్ని పొట్ట అనకండి, తేరుకున్నాడనండి. మన పెద్దవాళ్లు వాడే మాటే అది. కాబట్టి ముందు మీరెక్కడ మొదలయ్యారో చూసుకోండి.

పొట్ట ఉందో లేదో తెలియడానికి టేపు చాలు. బొడ్డు దగ్గర కొలవండి, పొట్ట లోపలికి పీల్చకుండా. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు 35న్నర అంగుళాలు. ఆడవాళ్లకి 80, అంటే 31న్నర. అది దాటితే జాగ్రత్త పడాలి.

"మరి షుగర్ వస్తుందంటారే?" అని అడిగేవాళ్లున్నారు. అబద్ధం కాదు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా పరిశోధకులు దీని మీదే రాశారు. మానేశాక బరువు పెరిగినవాళ్లలో షుగర్ ప్రమాదం కొన్నేళ్లు పెరిగి, అయిదు నుంచి ఏడేళ్ల మధ్య ఎక్కువై, ఆపైన తగ్గింది. కానీ చనిపోయే ప్రమాదం చూస్తే, 10 కిలోల పైన పెరిగినవాళ్లలో కూడా, మానకుండా కాలుస్తున్నవాళ్లకంటే బాగా తక్కువ. కాబట్టి ఏడాదికోసారి షుగర్, బీపీ చూపించుకోండి. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లయితే మానేసిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి.

సరే, ఏం చేయాలి? నా మాట ఇది: మొదటి మూడు నెలలు బీడీ మీదే పోరాడండి, అన్నం జోలికి పోకండి. కడుపు మాడ్చుకుంటే చిరాకు పెరుగుద్ది, ఆ చిరాకే మిమ్మల్ని మళ్లీ బడ్డీకొట్టు దగ్గరికి నడిపిస్తుంది. రెండు యుద్ధాలు ఒకేసారి వద్దు.

తర్వాత చూసుకోవాల్సింది ఆ 200 క్యాలరీలు. అవి ఎక్కడున్నాయో తెలుసా? టీలో. బీడీ, టీ జంట కదా. బీడీ పోయాక జనం టీ పెంచేస్తారు. కప్పుకి రెండు చెంచాల పంచదార అనుకుంటే దాదాపు 40 క్యాలరీలు. అయిదు కప్పులకి 200. ఇంకో సంగతి, పొగ తాగేవాళ్ల ఒంట్లో టీలోని కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. మానేశాక అది ఎక్కువసేపు ఉంటుంది. అదే టీ ఇప్పుడు నిద్ర చెడగొడుతుంది, నిద్ర పట్టకపోతే అర్ధరాత్రి ఆకలేస్తుంది. రోజుకి రెండు టీలు చాలు, సాయంత్రం ఆరు తర్వాత వద్దు.

సాయంత్రం బజ్జీలు, పునుగులు కూడా అంతే. ఒక చెంచా నూనెకి 45 క్యాలరీలు. వారానికోసారి తినండి, రోజూ కాకుండా.

జొన్న రొట్టె, జావ మంచివే, కాదనను. కానీ జొన్నలోనూ బియ్యంలోనూ క్యాలరీలు ఇంచుమించు ఒకటే. చిరుధాన్యం కదా అని రెండింతలు తింటే లాభమేముంది? సగం కంచం కూర, ఆకుకూర, పప్పు పెట్టుకుని మిగతాది అన్నమో రొట్టో మీ ఇష్టం.

బీడీ కోసం నోరు పీకే సమయం మూడు నుంచి అయిదు నిమిషాలుంటుంది. దాన్ని దాటించాలి. మంచినీళ్లు, సోంపు, వాము, ఎండు ఉసిరి ముక్క, కీరా, కాల్చిన శనగలు, వీటిలో ఏదైనా సరే. జేబులో పెట్టుకోండి, చేతికి పని ఉంటుంది. వక్క మాత్రం వద్దు. పొగాకు కలవని వట్టి వక్క కూడా నోటి క్యాన్సర్‌కి దారితీస్తుంది. ఖైనీ, గుట్కా సంగతి చెప్పక్కర్లేదు. కొత్తగూడెం వైపు సింగరేణి భూగర్భ గనుల్లోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లనివ్వరు. నాకు తెలిసినవాళ్లు కొందరు గని లోపల ఖైనీ పెట్టుకుని "నేను పొగ మానేశా" అనేవాళ్లు. అది మానడం కాదు బాబూ, చోటు మార్చడం.

నడక గురించి ఒక్క మాట. అరగంట చురుగ్గా నడిస్తే 120, 150 క్యాలరీలు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే అడవిలోకి వెళ్లి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి మోసేవాళ్లకి నడక గురించి నేను చెప్పేదేం లేదు. కోతలున్నన్నాళ్లు వాళ్లకి పొట్ట రాదు. ఆ కొద్ది వారాల సీజన్ అయిపోయాకే కూర్చుంటారు, తిండి మాత్రం అదే ఉంటుంది. అప్పుడు చూసుకోవాలి. (బీడీ ఆకు కోసే చేతులే బీడీ మానాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంటి నిండా ఆ వాసనే కదా.)

కల్లు, సారా కూడా తగ్గించమంటాను. బరువు ఒక సంగతి. అది తాగి కూర్చున్న చోట పక్కవాడు బీడీ చాపితే వద్దనడం అన్నిటికన్నా కష్టం.

నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. అది వాడినన్నాళ్లు బరువు కొంచెం తక్కువ పెరగొచ్చు, ఆపాక పెరుగుతుంది. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వాడకండి.

ఇంకొకటి. "కాలిస్తే సన్నబడతారు" అన్న మాట మన బావమరిది కనిపెట్టింది కాదు. 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల కంపెనీ, మిఠాయి బదులు సిగరెట్ తీసుకోండని ప్రకటనలు వేసింది. ఆడవాళ్లకి అమ్ముకోవడానికి. దాదాపు వందేళ్ల నాటి ఆ అమ్మకం మాటే తిరిగి తిరిగి చర్ల దాకా వచ్చింది.

తమ్ముడికి నేను చెప్పింది: రెండు మూడు బీడీలు ఎవరికీ రెండు మూడుగా ఆగవు. టీలు తగ్గించు, సాయంత్రం అరగంట నడువు, రెండు నెలలాగి మళ్లీ తూకం చూసుకో. ఫోన్ పెట్టేసేముందు "దగ్గు పోయిందన్నా, రాత్రి పడుకుంటున్నా" అన్నాడు. ఆ మాట బావమరిదికి కూడా చెప్పమన్నాను.

మానడానికి సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. నంబర్ 1800 11 2356. రాసుకోండి. మళ్లీ చెబుతున్నా, 1800 11 2356. వచ్చే ఎపిసోడ్‌లో చుట్ట కాల్చే అమ్మమ్మల సంగతి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.