గాలికి పేరు, గాలికి లెక్క

(సంతోష్‌నగర్‌లో మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను కృష్ణా జిల్లాలో కుర్ర గుమాస్తాను. సహాయ కార్యక్రమాల కోసం నాగాయలంక వైపు పంపించారు. చనిపోయినవారి జాబితా రాయడం నా పని. ఒక ముసలాయన తన ఇంట్లో ఏడుగురి పేర్లు రాయించి, "రేడియోలో తుఫాను అన్నారు బాబూ, ఏటా వచ్చేదే కదా అనుకున్నాం" అన్నాడు. ఆ ఉప్పెనలో దాదాపు పదివేలమంది పోయారు. ఆ తుఫానుకు పేరైనా లేదు.

మన సముద్రాల్లో పుట్టే తుఫానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. మొదట ఎనిమిది దేశాలు పేర్లు ఇచ్చేవి, ఇప్పుడు పదమూడు ఇస్తున్నాయి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే పేరు. అంతకు లోపల వాయుగుండమే. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను, 222కు చేరితే సూపర్ సైక్లోన్.

ఈ వేగాన్ని పది మీటర్ల ఎత్తున, మూడు నిమిషాల సగటుగా లెక్కగడతారు. మధ్యలో వచ్చే విసురు ఇంకా ఎక్కువే ఉంటుంది. పైగా గాలి బలం మన డి.ఏ. లాగా మెల్లగా పెరగదు. వేగం రెట్టింపైతే గోడమీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. అది ఒమన్ ఇచ్చిన పేరు. "హుద్‌హుద్ అంటే పిట్ట సాబ్" అని మా పక్కింటి ఉర్దూ మాస్టారు చెబితే నవ్వుకున్నాం. ఆ పిట్ట గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో వచ్చింది. విశాఖలో ఉన్న మా అబ్బాయి ఫోను రెండు రోజులు మోగలేదు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో పదోదే పెద్దదని మనం అనుకుంటాం. పదకొండోది కూడా ఉంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎగిరింది అదే. మూడోనాడు వాడి గొంతు విన్నాక గానీ మా ఆవిడ అన్నం ముట్టలేదు.

కాబట్టి మిత్రులారా, కోస్తాలో మీ పిల్లలుంటే తుఫాను పేరు ఒక్కటే అడిగి ఊరుకోకండి. వేగమెంత, ఉప్పెన ఎంత ఎత్తు, ఇల్లు ఖాళీ చేయమన్నారా అని అడగండి. మన ఊళ్లో వేసవి ఈదురుగాలికి పేరుండదు. అయినా రేకు ఎగిరి తలమీద పడడానికి పేరక్కరలేదు. ఆ వేళ చెట్టు కింద నిలబడకండి.

ముసలాయనకు ఆనాడు ఎవరైనా ఈ లెక్క విడమరిచి చెప్పి ఉంటే, నా జాబితాలో ఏడు పేర్లు తగ్గేవేమో.

సెలవు.