ఈ యేటి రంగును నిర్ణయించునదెవరు?

పండుగకు చీర కొనబోయినప్పుడు, "ఈ సంవత్సరము అందరును ఈ రంగే అడుగుచున్నారు" అని వర్తకుడు చెప్పుట మనము వినియే యుందుము. ఆ అందరును అడుగక మునుపే ఆ రంగు బట్ట అంగడికెట్లు వచ్చినది?

పూర్వము రంగు భూమినుండి లభించెడిది. మన తీరమున చిరివేరుతో అద్దిన మచిలీపట్టణపు ఎఱ్ఱ బట్టలు పారశీకమునకును, ఐరోపాకును పోయెడివి. 1856లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ లండనులో క్వినైను చేయబోయి, తారునుండి తీసిన పదార్థముతో ఊదారంగును కనుగొనెను. 1897లో జర్మనీనుండి కృత్రిమ నీలి అంగడికి వచ్చెను. చిరివేరు త్రవ్వువారికిని, నీలి తొట్లవారికిని పని తగ్గిపోయెను.

రంగులు వేలకొలది కాగానే, ఏది అద్దవలెనన్న ప్రశ్న పుట్టినది. మొదట పారిస్ నగరపు రంగుల పట్టికలే ప్రమాణములు. 1914లో యుద్ధము వచ్చి అవి అందకపోగా, అమెరికాలోని వస్త్రవ్యాపారులు సంఘముగా కూడి సొంత పట్టికలు వెలువరించిరి. 1963లో పారిస్‌లో ఇంటర్‌కలర్ అను సంస్థ ఏర్పడినది. పలు దేశముల నిపుణులు అందు ఏటికి రెండుమారులు సమావేశమై, సుమారు రెండేండ్ల ముందే రాబోవు రంగులను నిర్ణయింతురు.

ఇంత ముందుగా ఏల? నూలు అద్దవలెను, నేయవలెను, కుట్టవలెను, దేశదేశములకు పంపవలెను. పిమ్మట జరుగునది చూడుడు. నిపుణులు చెప్పిన రంగునే మిల్లు అద్దును. దానినే అంగడి నింపును. కన్నులకు కనబడినదానినే మనము కొందుము. జోస్యము ఈ విధముగా తన్ను తానే నిజము చేసికొనును.

ఇది బట్టలతో ఆగలేదు. ఫోర్డు కంపెనీ టి-మోడలు కార్లను 1914 మొదలు 1925 వరకు నల్లరంగుననే అమ్మెను. 1924లో త్వరగా ఆరెడి కొత్త పూతతో నీలవర్ణపు ఓక్లండు కారు వచ్చెను. చక్కగా నడచుచున్న కారు సైతము పాతబడినట్లు తోచుట జనులు నేర్చుకొనిరి.

ఇందు నష్టపడువాడెవడు? ముందుగా నూలు అద్దించుకొని మగ్గముపై కూర్చున్న నేతగాడు. రివాజు మారినచో, నేత ఎంత నాణ్యమైనదైనను ఆ చీర అతని ఇంటనే మిగిలిపోవును.

కావున ఈ మారు అంగడికి పోయినప్పుడు, ఏ రంగు నడచుచున్నదని అడుగకుడు. చీరను గుమ్మముకడకు తెచ్చి, పగటి వెలుతురున చూడుడు. ఉదుకునకు నిలుచునా అని అడుగుడు. ఆ పిమ్మట మీ కంటికి నచ్చినదే ఈ యేటి రంగు.