వాన పడిన ఏడు దేవుడు గుర్తుంటాడా?

(కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో, రాత్రి బడిలో వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ రోజు పాఠం లేదు. పలకలు పక్కన పెట్టండి. కొంచెంసేపు మాట్లాడుకుందాం.

నిన్న సాయంత్రం భజన గుడిలో ఒక పుస్తకం చూసినాను. ఎర్రగుడ్డలో చుట్టి అటక మీద పెట్టినారు. గుడ్డ విప్పితే దుమ్ము లేచింది. అది విరాటపర్వం. భారతంలో నాలుగో పర్వం. తెలుగులో తిక్కన రాసినాడు. వాన రాకపోతే ఈ పర్వం చదివిస్తారని మీకందరికీ తెలుసు. ఎందుకు చదివిస్తారు? పాండవులు ఎక్కడ దాక్కున్నారో తెలియక కౌరవులు వెతుకుతుంటారు. అప్పుడు భీష్ముడు ఒక గుర్తు చెప్తాడు. ధర్మరాజు ఉన్న చోట వానలు బాగా పడతాయి, పంటలు బాగా పండుతాయి అంటాడు. అందుకే ఆ కథ చదివితే వాన వస్తుందని మన పెద్దల నమ్మకం.

గుడి తాతను అడిగినాను. "తాతా, దీన్ని ఎప్పుడు చదివినారు?"

"వాన రాని ఏడు చదివించినాము నాయనా" అన్నాడు.

"మరి వాన వచ్చినాక?"

తాత నవ్వినాడు. "వాన వచ్చినాక ఎవరికి తీరిక? కలుపు తీయాల కదా!"

ఆ మాట పట్టుకునే ఈ రోజు మీతో మాట్లాడుతున్నాను. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు. ముందు నా సంగతే చెప్తాను.

టీచరు ట్రైనింగు పరీక్షలప్పుడు కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. పాసైతే శ్రావణ శనివారం వచ్చి టెంకాయ కొడతానని. పాసయినాను. సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచినాను. కసాపురం మాత్రం పోలేదు. ఈ శనివారం కాదు, వచ్చే శనివారం అనుకుంటూ రెండేండ్లు గడిపినాను. తరువాత మా అమ్మకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో పెట్టినాము. ఆ రాత్రి వరండాలో కూర్చుంటే స్వామి మళ్ళీ గుర్తొచ్చినాడు.

స్వామి కోపంతో జ్వరం తెచ్చినాడని నేను చెప్పను. జ్వరం దోమ కాటుతో వచ్చింది. డాక్టరు రక్తం పరీక్ష చేసి చెప్పినాడు, మందులతో తగ్గింది. కానీ ఆ రాత్రి దండం పెట్టుకోవడానికి నాకు సిగ్గయింది. అప్పు కావలసినప్పుడే ఇంటికి వచ్చే చుట్టం ఉంటాడే, నేను అట్లాంటి వాడినైపోయినాను.

మన సీమ సంగతి చూడండి. నైరుతి వాన పడమటి కనుమల దగ్గరే కురిసిపోతుంది. ఈశాన్య వాన తూర్పు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడిపోతుంది. మన జిల్లాకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సమయానికి పడదు. బుడ్డలు విత్తిన రైతు ఊడ దిగే సమయానికి ఒక్క పదును కోసం మొగులు చూస్తూ నిలబడతాడు. ఆ చూపు ఉందే, అది కూడా ఒక ప్రార్థనే అని నాకనిపిస్తుంది. నోటితో ఏమీ అననక్కరలేదు.

అదే రైతు బోరు వేసినాడనుకోండి. నీళ్ళు పడినాయి. చీనీ చెట్లు పెట్టినాడు, టమోటా పెట్టినాడు. ఇంక మొగులు చూడడు. స్టార్టరు చూస్తాడు, కరెంటు ఎప్పుడొస్తుందో చూస్తాడు. బోరు నాది, మోటారు నాది, నీళ్ళు నావి అనుకుంటాడు. మన భూమి కింద ఉండేది రాయి. ఆ రాతి పగుళ్ళలో నిలిచే నీళ్ళు కూడా ఎప్పుడో పడిన వాన నీళ్ళే. అది మరిచిపోయి ఐదు వందల అడుగులు దించుతాడు. తరువాత చీనీ చెట్లు నిలువునా ఎండిపోతుంటే టెంకాయ చేతిలో పెట్టుకొని పాయింటు వెతుకుతూ తిరుగుతాడు.

నీళ్ళు ఉన్నప్పుడు మాత్రం మనం ఎంత సంబరపడతామో! 2022లో కర్ణాటకలో హిరియూరు దగ్గర వాణీ విలాస సాగరం పొర్లింది. 1933 తరువాత అది పొర్లడం అదే మొదటిసారి. ఆ వేదవతి నీళ్ళే కిందికి మన భైరవానితిప్ప ప్రాజెక్టు వైపు వస్తాయి. ఆ ఏడు చెరువు మొహం చూసి ఏడ్చిన ముసలివాళ్ళను నేను చూసినాను. సంతోషంతో ఏడ్చినారు. అది కూడా దండం పెట్టుకోవడమే. కానీ అది ఎన్నాళ్ళు నిలిచింది?

మొన్న గజేంద్ర మోక్షం కథ చెప్పుకున్నాం కదా. కథ అయినాక ఒక అవ్వ అడిగింది. "సారూ, ఆ మొసలి రాకుంటే ఏనుగు దేవుణ్ణి తలుచుకునేదా?" నాకు అప్పుడు జవాబు తెలియలేదు. ఇంటికి పోయి పుస్తకం చూసినాను.

గజేంద్రుడు పోయిన జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. పెద్ద భక్తుడు. ధ్యానంలో కూర్చొని ఉంటే అగస్త్య మహర్షి వచ్చినాడు. రాజు లేచి మర్యాద చేయలేదు. అందుకే ఏనుగై పుట్టమని శాపం. చూడండి, భక్తి కూడా సుఖంగా సాగిపోతుంటే గర్వమైపోతుంది. వాకిట్లోకి వచ్చిన మనిషి కనపడడు. ఇంకో మాట కూడా భాగవతంలో ఉంది. మొసలి నోట్లో కాలు ఉన్నప్పుడు ఆ ఏనుగు చేసిన ప్రార్థన కొత్తది కాదు. పోయిన జన్మలో, బాగున్న రోజుల్లో నేర్చుకున్నది. అదే ఆపదలో నోటికొచ్చింది. అవ్వా, నీ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. ఏనుగు ముందే నేర్చుకొని ఉంది.

భాగవతంలోనే కుంతీదేవి ఉంది. యుద్ధం అయిపోయింది, రాజ్యం వచ్చింది. కృష్ణుడు ద్వారకకు బయలుదేరినాడు. అప్పుడు కుంతి ఏమడిగింది? మాకు కష్టాలే రానీ, కష్టంలోనే నువ్వు కనపడతావు అని అడిగింది. కుంతి మాదిరి మీరూ అడగండి అని నేను చెప్పను. మన దగ్గర కష్టాలను పిలవాల్సిన పని లేదు, పిలవకనే వస్తాయి! కానీ ఆమె భయం నాకర్థమయింది. సుఖంలో మరిచిపోతానేమో అని ఆమె భయం. అంత గొప్ప తల్లికే ఆ భయం ఉంటే మనమెంత?

ఇది ఒక్క మతం సంగతి కాదు. గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి పీర్ల పండుగకు హిందువులూ పోతారు, ముస్లింలూ పోతారు. అక్కడ మొక్కు కట్టుకునేవాళ్ళనూ, తీర్చుకునేవాళ్ళనూ ఒకసారి చూడండి. చర్చికి పోయే మనవాళ్ళు పంట చేతికొస్తే మొదటి సంచి కానుకగా తీసుకుపోతారు. గాదె నిండిన రోజే తీసుకుపోతారు. అది నాకు బాగా నచ్చుతుంది.

తాతతో మాట్లాడినాను. ఈ ఏడు వాన పడింది కాబట్టే ఆ పుస్తకం దించుదాం అన్నాను. తాత ఒప్పుకున్నాడు. "నాకు కండ్లు కనపడవు, చదివేదెవరు?" అన్నాడు. మీరున్నారని చెప్పినాను. తిక్కన పద్యాలు మనకు ఇప్పుడే కష్టం. వచనంలో, పెద్ద అక్షరాలతో ఉన్న పుస్తకం ఒకటి తెచ్చినాను. తప్పులు పోయినా ఏమీ కాదు, ఒత్తులు నేను అందిస్తాను. వచ్చే శనివారం దీపం పెట్టినాక మొదలు పెడదాం. నూనె ఎవరింటి నుంచి తెస్తారో మీరే మాట్లాడుకోండి.

మొదటి పేజీ ఎవరు చదువుతారు? అదిగో, అవ్వ చెయ్యెత్తింది. అద్దాలు మరిచిపోకుండా తెచ్చుకో అవ్వా.