దండోరా నుంచి చేతి ఫోను దాకా
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార ప్రచారం మనవారికి కొత్త కాదు. మన ఊళ్ళలో దండోరా వేసేవారు. టూరింగు టాకీసుకు కొత్త బొమ్మ వస్తే రిక్షాకు మైకు కట్టి, రంగు కాగితాలు వెదజల్లుతూ వీధివీధీ తిరిగేవారు. ఆ కాగితాల కోసం పరుగెత్తిన పిల్లలే నేడు మన ఇళ్ళలో తాతలూ, అమ్మమ్మలూ. ఆ ప్రచారంలో ఒక మంచి గుణం ఉండేది. ఊరంతా ఒకే మాట వినేది. అమ్మేవాడు అబద్ధమాడితే, "అదేమిటయ్యా, నిన్న కొన్న సరుకు అలా లేదే!" అని నలుగురిలో నిలదీసేవారు ఉండేవారు.

నేడు ఆ దండోరా మన జేబులోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో ఒకే ఇంట్లో తాతగారికి ఒక ప్రకటన, మనవరాలికి మరొకటి. మనం ఏది చూశాం, ఎంతసేపు ఆగాం, దేనికోసం వెతికాం అన్న ఆనవాళ్ళను బట్టి యంత్రం మనిషికొక ప్రకటనను ఎంచుతుంది. ఆ కాస్త చోటు కోసం వర్తకుల మధ్య రెప్పపాటులో వేలం కూడా జరిగిపోతుంది. పక్కవాడికి కనిపించని ప్రకటనను పక్కవాడు ఎలా ప్రశ్నించగలడు? నలుగురి కాపలా పోయింది. మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

ఇందువల్ల మేలు లేదని కాదు. ఇంట్లో అరిసెలూ పచ్చళ్ళూ చేసి అమ్మే ఇల్లాలు పత్రికలో పేజీ కొనలేకపోవచ్చు. వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టి పండుగకు ఆర్డర్లు తెచ్చుకోగలదు. చిన్న వర్తకులకు ఇంతటి అవకాశం వెనుక లేదు.

అయితే ఈ కెనడాలోనే జరిగిన ఒక ఉదంతం వినండి. 1964లో హామిల్టన్‌లో మొదలైన టిమ్ హార్టన్స్ కాఫీ తాగనివారు మనలో అరుదు. ఆ సంస్థ ఫోన్ యాప్, మనం తెరవని వేళల్లో కూడా, మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో కొద్ది నిమిషాలకొకసారి నమోదు చేసిందని ఫెడరల్ ప్రైవసీ కమిషనరు, మూడు రాష్ట్రాల అధికారులు కలిసి 2022 జూన్‌లో తేల్చారు. ఆ వివరాలను ప్రకటనలకు వాడాలన్న ఆలోచన మానుకున్నాక కూడా ఏడాదిపాటు సేకరణ ఆగలేదట! దావాల పరిష్కారానికి ఆ సంస్థ ఇవ్వజూపినది ఒక వేడి పానీయం, ఒక తినుబండారం. మన అడుగుజాడల ఖరీదు అంతేనా?

చట్టాలు లేకపోలేదు. 2014 జూలై 1న అమలులోకి వచ్చిన స్పామ్ నిరోధక చట్టం ప్రకారం, అనుమతి లేనిదే ఈమెయిల్‌లోగాని, ఫోన్‌లోగాని వ్యాపార సందేశం పంపకూడదు. పంపినవారెవరో చెప్పాలి. వద్దంటే 10 పనిదినాలలో ఆపాలి. ఇది పెద్ద కంపెనీలకే కాదు, మన దుకాణదారులకూ వర్తిస్తుంది. క్యుబెక్‌లో 13 ఏళ్ళలోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలు 1980 నుంచే నిషిద్ధం. 1989లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది.

కాని చట్టం ప్రతి ఇంటి గుమ్మంలో కాపలా కాయలేదు. కనుక మన వర్తక సోదరులకు ఒక మనవి: సంఘం సభ్యుల జాబితా చేతికి దొరికిందని అందరికీ సందేశాలు పంపకండి, ముందు అడగండి. కుటుంబాలకు మరొక మనవి: వారానికొకనాడు భోజనాల దగ్గర పెద్దలూ పిల్లలూ తమ ఫోన్లకు వచ్చిన ప్రకటనలను ఒకరికొకరు చూపించుకోండి. ఫోన్ మన జాడ తీయకుండా ఆపడం పిల్లలు పెద్దలకు నేర్పుతారు. సరుకును ఎగాదిగా చూసి బేరమాడడం పెద్దలు పిల్లలకు నేర్పుతారు. పోయిన నలుగురి కాపలాను ఆ విధంగా మన ఇంట్లోనే తిరిగి నిలబెట్టుకోవచ్చు.